దిగులా, జబ్బా? రెండు వారాల్లో తేల్చుకునే పద్ధతి

"మనసు బాగోలేదు" అని డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు మన దగ్గర తక్కువ. గ్యాస్ అని, తల బరువని, ఒళ్ళంతా లాగుతోందని, నిద్ర పట్టట్లేదని వెళ్తారు. ఎండోస్కోపీ, ఈసీజీ, ఒక స్కానింగూ అయ్యాక "అన్నీ నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి" అన్న మాటతోనూ నిద్రమాత్ర చీటీతోనూ ఇంటికొస్తారు. మూడు నెలలకు ఇంకో ఆసుపత్రి. ఈ తిరుగుడు ఆగాలంటే రెండు ప్రశ్నలకు మీ దగ్గర జవాబుండాలి: ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది? దీనివల్ల ఏ పని ఆగిపోయింది? ఎంత బాధగా ఉందన్నది మూడో ప్రశ్న. దాంతో మొదలుపెడితే ఏదీ తేలదు, ఎందుకంటే బాధను కొలిచే తూకం ఎవరి దగ్గరా లేదు. మొదటి రెండిటికీ జవాబు తేల్చుకోవడానికి రెండు వారాలు నోట్‌బుక్ రాసుకునే పద్ధతి ఇది.

రెండు వారాలు ఆగకూడని సందర్భాలు

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పద్ధతి పక్కన పెట్టి, ఈ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

- చచ్చిపోవాలన్న ఆలోచన "ఎలా, ఎప్పుడు" అన్నదాకా వచ్చింది. లేదా మనిషి ఉన్నట్టుండి అప్పులు తీర్చేయడం, వస్తువులు పంచేయడం, అందరికీ ఫోన్ చేసి అప్పగింతలు చెప్పడం మొదలుపెట్టారు.
- ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నాయి, ఆ మాటలు ఏదో చేయమంటున్నాయి. ఇంట్లోవాళ్ళే అన్నంలో ఏదో కలుపుతున్నారని గట్టిగా నమ్ముతున్నారు.
- రోజులు గడుస్తున్నా నిద్ర లేదు, అలసటా లేదు. మాటల ప్రవాహం, చేతికి ఆగని ఖర్చు, అన్నీ నావల్లే అవుతాయన్న ధీమా.
- బాలింత. కాన్పయిన మొదటి రోజుల్లో ఏడుపు రావడం మామూలే, అది రెండు వారాల్లో సర్దుకుంటుంది. నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ గురించి వింత మాటలు అంటుంటే మాత్రం గంటల్లో చూపించాలి. "పచ్చి ఒళ్ళు, గాలి సోకింది" అని గది తలుపులు మూసి కూర్చోబెట్టడం ఇక్కడ చేసే పెద్ద తప్పు.
- అన్నం నీళ్ళు మానేసి, పలకరించినా పలకకుండా ఒకేచోట ఉండిపోయారు.
- రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేశారు.

ఈ చివరిది చాలామందికి తెలియదు. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు హఠాత్తుగా మానేస్తే 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు ఒళ్ళు వణకడం, చెమటలు, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం మొదలవుతాయి. ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. అయ్యప్ప మాల వేసుకున్న మొదటి వారంలో ఇలా పడిపోయినవాళ్ళు ఉన్నారు. దీక్ష తీసుకోవాలనుకుంటే వారం ముందే డాక్టరును కలిసి, మానిపించే మందులు రాయించుకుని మొదలుపెట్టండి. కల్తీ కల్లు అలవాటున్నవాళ్ళకూ ఇదే ప్రమాదం. అందులో కలిపేది ఆల్ప్రజోలం, డయజిపామ్ లాంటి మత్తుమందులే. 2015లో తెలంగాణలో దాడులు పెరిగి కల్తీ కల్లు దొరకనప్పుడు ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో జనం ఆసుపత్రులకు వరుసకట్టింది అందుకే.

అరవై దాటినవాళ్ళు ఒకటి రెండు రోజుల్లోనే మనుషుల్ని గుర్తుపట్టక, పగలూ రాత్రీ తేడా తెలియక మాట్లాడుతుంటే ముందు మానసిక వైద్యుడి కోసం వెతకొద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, పక్షవాతం, వీటిలో ఏదైనా కావచ్చు. జనరల్ ఆసుపత్రి ఎమర్జెన్సీకే తీసుకెళ్ళాలి.

అంబులెన్స్‌కు 108. ఏం చేయాలో తోచకపోతే, ఏ అర్ధరాత్రయినా 14416కు చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవాళ్ళకు 988. అక్కడ తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు.

మొదటి మెట్టు: ఐదు గళ్ళ నోట్‌బుక్

పైవేవీ లేకపోతే ఒక పాత నోట్‌బుక్ తీసి, పేజీలో ఐదు గళ్ళు గీయండి: నిద్ర, తిండి, పని, మనుషులు, ఇష్టం. రోజూ రాత్రి భోజనం అయ్యాక మూడు నిమిషాలు, గడికి ఒక వాక్యం చొప్పున, 14 రోజులు రాయాలి. ఎలా ఉంటుందో ఒక రోజు చూడండి:

"మంగళవారం. 11కి పడుకున్నా, 3.20కి మెలకువ, మళ్ళీ పట్టలేదు. పొద్దున టీ ఒక్కటే, మధ్యాహ్నం రెండు ముద్దలు. షాపు తీశాను, లెక్కలు రాయలేదు, ఇది మూడో రోజు. చెల్లి ఫోన్ ఎత్తలేదు. మ్యాచ్ పెట్టుకున్నా, స్కోరు గుర్తులేదు."

ఇందులో "బాధ" అన్న మాటే లేదు, అయినా డాక్టరుకు కావలసిందంతా ఉంది. పడుకోగానే నిద్రపట్టి తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం డిప్రెషన్‌లో తరచుగా కనిపించే తీరు. పన్నెండున్నర దాకా దొర్లుతూ రేపటి సంగతులు తలచుకుంటూ ఉండిపోతే అది ఎక్కువగా ఆందోళన వైపు చూపిస్తుంది. "మూడో రోజు" అన్నది పని ఎప్పటి నుంచి దెబ్బతిందో చెబుతుంది. ఇష్టపడే మ్యాచ్ కళ్ళ ముందు నడుస్తున్నా ఎక్కకపోవడం అన్నిటికంటే గట్టి గుర్తు. దుఃఖంలో ఉన్న మనిషి కూడా మనవడు ఒళ్ళో వాలితే ఒక్క క్షణమైనా నవ్వుతాడు. జబ్బులో చాలాసార్లు ఆ నవ్వు రాదు.

రాయడంలో మూడు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, మనసులో ఉన్నదంతా పేజీలకు పేజీలు రాయడం. దాంతో బాధ తవ్వుకున్నట్టవుతుంది, లెక్క మాత్రం తేలదు. రెండు, మెలకువ వచ్చిన ఆ మూడింటప్పుడే లేచి రాయడం. ఆ వేళ ఎవరికైనా లోకం నల్లగానే కనిపిస్తుంది. మూడు, బాగున్న రోజు వదిలేయడం. బాగున్న రోజే అసలు సమాచారం: పద్నాలుగింటిలో ఐదు రోజులు మామూలుగా గడిచాయా, ఒక్కటీ లేదా అన్నదాన్ని బట్టే దారి మారుతుంది.

రెండో మెట్టు: తొమ్మిది ప్రశ్నలు

పద్నాలుగో రోజు నోట్‌బుక్ ముందు పెట్టుకుని పీహెచ్‌క్యూ-9 అనే కొలబద్దతో లెక్క వేయండి. ప్రపంచమంతా వాడుతున్న డిప్రెషన్ ప్రశ్నావళి ఇది. గడిచిన రెండు వారాల్లో ఈ తొమ్మిదీ మిమ్మల్ని ఎంత తరచుగా ఇబ్బంది పెట్టాయి?

(1) దేనిమీదా ఆసక్తి లేకపోవడం, (2) దిగులు లేదా ఆశ లేకపోవడం, (3) నిద్ర తగ్గడం లేదా మరీ ఎక్కువవడం, (4) నీరసం, (5) తిండి తగ్గడం లేదా పెరగడం, (6) నేను పనికిరానిదాన్ని, ఇంటివాళ్ళకు తలవంపులు తెచ్చాననిపించడం, (7) చదువుతున్నా టీవీ చూస్తున్నా మనసు నిలవకపోవడం, (8) ఇతరులు గమనించేంతగా మాట, నడక నెమ్మదించడం లేదా కాలు నిలవకపోవడం, (9) చచ్చిపోతే బాగుండుననో, తనను తాను గాయపరచుకోవాలనో అనిపించడం.

అసలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగం కంటే ఎక్కువ రోజులకు 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27కు ఎంతొచ్చిందో చూడండి. 5 లోపు అయితే నిశ్చింత. 5 నుంచి 9 వస్తే నోట్‌బుక్ ఇంకో రెండు వారాలు నడపండి, నిద్రవేళలు సరిచేసుకోండి, ఒక నమ్మకమైన మనిషికి విషయం చెప్పండి. 10 లేదా ఆపైన వస్తే డాక్టరును కలవాలి. 15 లేదా ఆపైన అయితే ఈ వారంలోనే, 20 లేదా ఆపైన అయితే రేపే. చివరి ప్రశ్నకు మాత్రం ఈ లెక్క వర్తించదు. మొత్తం ఆరే వచ్చినా తొమ్మిదో ప్రశ్నకు 1 పడితే మనిషితో మాట్లాడాల్సిందే.

ఇది జల్లెడ మాత్రమే, జబ్బు పేరు పెట్టేది కాదు. కన్నవాళ్ళు పోయిన నెలలో, ఇంటర్ ఫలితాల వారంలో ఎవరికైనా ఎక్కువే వస్తుంది. ఆందోళన, అనుమానపు జబ్బు, అతిచాదస్తం దీనికి అందవు. నోట్‌బుక్‌లో "చేతులు నలభైసార్లు కడిగాను, తలుపు గడియ పదిసార్లు చూశాను" అని ఉంటే స్కోరు 4 అయినా వెళ్ళండి.

మూడో మెట్టు: ఒంటిని ఒకసారి చూపించడం

థైరాయిడ్ తగ్గితే నీరసం, దిగులు, మతిమరుపు వస్తాయి. పెరిగితే గుండెదడ, గాభరా, చెమటలు. రక్తహీనతకూ, బి12 లోపానికీ దాదాపు ఇవే లక్షణాలు. కాబట్టి మామూలు ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరే హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, షుగర్ చేయించండి. వాడుతున్న మాత్రలన్నీ చూపించండి, ముఖ్యంగా కీళ్ళనొప్పులకనో ఆయాసానికనో ఇచ్చిన స్టెరాయిడ్లు. అవి నిద్రనూ మనసునూ తలకిందులు చేయగలవు.

గుండె పట్టేసినట్టై, ఊపిరాడక, ప్రాణం పోతోందనిపించేది మొదటిసారి వస్తే దాన్ని పానిక్ అని మీరే తేల్చేయకండి. ఈసీజీ తీయించండి. అది బాగుండి, మళ్ళీ మళ్ళీ అలాగే వచ్చి, పది నిమిషాల్లో తారస్థాయికి చేరి అరగంటలో దిగిపోతుంటే అప్పుడు పానిక్ అటాక్ అనుకోవచ్చు. ఒకసారి పరీక్షలన్నీ అయ్యాక ఇక ఆపేయండి. మూడో ఎండోస్కోపీతో ఏ జవాబూ దొరకదు.

నాలుగో మెట్టు: ఎవరి దగ్గరికి?

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివి ఆపైన ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన వైద్యుడు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో చికిత్స చేస్తారు, పరీక్షలు పెడతారు, మందులు రాయరు. వాళ్ళకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నెంబరు అడిగితే నొచ్చుకునేవాళ్ళ దగ్గరికి వెళ్ళక్కర్లేదు. "కౌన్సెలర్" అన్న బోర్డు పెట్టుకున్నవాళ్ళలో బాగా చదువుకున్నవాళ్ళూ ఉన్నారు, వారాంతపు కోర్సు చేసినవాళ్ళూ ఉన్నారు. ఏం చదివారో, ఎక్కడ చదివారో అడగండి.

స్కోరు 15 లేదా ఆపైన ఉంటే, నిద్ర తిండి పోతే, వింత నమ్మకాలుంటే ముందు సైకియాట్రిస్ట్. పదీ పద్నాలుగు మధ్య ఉండి పనులు ఎలాగోలా జరుగుతుంటే సైకాలజిస్టుతో మొదలుపెట్టొచ్చు. డబ్బు సమస్యయితే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంటుంది, మందులు కూడా అక్కడే ఇస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖ చినవాల్తేరులోనూ ఉన్నవి పూర్తిగా ఇందుకే పెట్టిన ప్రభుత్వ ఆసుపత్రులు. "ఎర్రగడ్డ కేసు" అని జోకులేసే ఊళ్ళో ఆ గేటు దాటడం కష్టమే. కానీ అక్కడి ఓపీ వరుసలో నిద్ర పట్టని ఉద్యోగులూ, తలనొప్పి తగ్గని గృహిణులూ నిలబడతారు.

వెళ్ళకూడని చోటు ఒకటుంది: అడగ్గానే నిద్రమాత్ర ఇచ్చే ఆర్‌ఎంపీ లేదా మెడికల్ షాపు. ఆల్ప్రజోలం, క్లోనజిపామ్ మొదటి రాత్రే హాయిగా నిద్రపుచ్చుతాయి. నాలుగు వారాలు దాటి రోజూ వేసుకుంటే ఒళ్ళు వాటికి అలవాటు పడుతుంది, మానేస్తే నిద్ర మునుపటికంటే ఘోరంగా పోతుంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఈ పేరా చదివి రేపే ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఐదో మెట్టు: మొదటిసారి వెళ్ళినప్పుడు

నోట్‌బుక్, స్కోరు, రక్తపరీక్షల కాగితాలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు తీసుకెళ్ళండి. రద్దీ ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు కావచ్చు. అందుకని మొదటి మాట ముందే అనుకుని వెళ్ళండి: "డాక్టరు గారూ, ఏడు వారాలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. నాలుగు కిలోలు తగ్గాను. షాపు లెక్కలు రాయలేకపోతున్నాను. చచ్చిపోతే బాగుండునని రెండుసార్లు అనిపించింది." ఈ నాలుగు వాక్యాలు అర నిమిషం పట్టవు. "టెన్షన్‌గా ఉంటోందండీ" అని మొదలుపెడితే ఉన్న ఐదు నిమిషాలూ ఎందుకు టెన్షన్ అన్నదాని మీదే అయిపోతాయి.

అడగకపోయినా చెప్పాల్సినవి నాలుగు: తాగుడు ఎంతో దాచకుండా, గర్భం లేదా పాలిచ్చే బిడ్డ ఉందేమో, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందేమో, మీకు ఎప్పుడైనా వారం రోజులు నిద్ర లేకుండా మహా ఉత్సాహంగా గడిచిన కాలం ఉందేమో. ఆఖరిది చాలా ముఖ్యం. అది బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మారి మారి వచ్చే జబ్బు) గుర్తు కావచ్చు. అలాంటివాళ్ళకు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి దిగులు నుంచి అతి ఉత్సాహంలోకి ఎగిరిపోవచ్చు.

తోడు ఒక మనిషిని తీసుకెళ్ళండి, కానీ ఒక్క ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడతానని అడగండి. అత్తగారో భర్తో పక్కనుండగా బయటికి రాని మాటలుంటాయి. మీరు చెప్పింది గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వాళ్ళ బాధ్యత.

ఆరో మెట్టు: మందులు, వాటితో వచ్చే చిక్కులు

ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లుఓక్సెటిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు రాస్తే ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి: ఇబ్బందులు మొదటి రోజునుంచే వస్తాయి, లాభం రెండు నుంచి నాలుగు వారాలకు గానీ కనిపించదు. వికారం, తలనొప్పి, విరేచనాలు, కాస్త గాభరా పెరగడం, ఇవన్నీ తొలి పది రోజుల్లో రావచ్చు, తర్వాత తగ్గుతాయి. చాలామంది ఈ పది రోజుల్లోనే "పడలేదు" అని మందు మానేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. పాతికేళ్ళలోపు వాళ్ళకు మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరగొచ్చు కాబట్టి ఇంట్లో ఒకరు దగ్గరుండి కనిపెట్టాలి. పూర్తి మోతాదులో ఆరు వారాలు వాడినా మార్పు లేకపోతే డాక్టరును మార్చకండి, మందు మార్చమని అదే డాక్టరును అడగండి. ఆయనకు ఒక మందు పనిచేయలేదన్న సమాచారం ఉంది, కొత్తవాళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు.

రెండో చిక్కు మనిషి బాగుపడ్డాక వస్తుంది. నిద్ర పట్టింది, ఆకలేస్తోంది, "ఇంకెందుకీ మందులు" అని ఆపేస్తారు. మొదటిసారి డిప్రెషన్ అయితే బాగున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. ఆపేటప్పుడు వారాల మీద తగ్గించాలి. ఈ మందులు తాగుడులా వ్యసనం కావు, కానీ టక్కున ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టవడం, చిరాకు రావచ్చు.

బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవాళ్ళకు ఒక ప్రత్యేక హెచ్చరిక, మన ఎండల వల్ల. వాంతులు, విరేచనాలు, వడదెబ్బతో ఒంట్లో నీరు తగ్గినా, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. లిథియం రక్తపరీక్ష చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

మాటల చికిత్స సాధారణంగా వారానికి ఒకసారి, 45 నుంచి 50 నిమిషాలు. ఎనిమిది సిట్టింగుల తర్వాత కూడా ఇంటి దగ్గర చేయాల్సిన పని ఏదీ ఇవ్వకుండా ఓదార్పు మాటలే నడుస్తుంటే "ఇంకా ఎన్నాళ్ళు, దేనికోసం" అని అడిగే హక్కు మీకుంది.

ఇంట్లో మనిషి రానంటే

"నీకేం తక్కువ? మేమంతా పడలేదా?" అన్న మాటతో తలుపు మూసుకుపోతుంది. జబ్బు పేరు ఎత్తకుండా, మీ కంటికి కనిపించిందే చెప్పండి: "తమ్ముడూ, నెలరోజులుగా చూస్తున్నా, రాత్రి మూడింటికే లేచి కూర్చుంటున్నావు. సగం అన్నం వదిలేస్తున్నావు. నిద్ర కోసమైనా ఒకసారి చూపిద్దాం, నేనూ వస్తా." నిద్ర పేరు చెబితే చాలామంది వస్తారు. అది అబద్ధమూ కాదు.

అనుమానం ఉంటే సూటిగా అడగండి: "ఇంత బాధలో చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపించిందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఉపన్యాసం వద్దు, "నా మీద ఒట్టు" అనిపించుకోవడమూ వద్దు. ఒట్టు వల్ల తర్వాతిసారి మీకు చెప్పకుండా ఉంటారు, అంతే. ఒంటరిగా వదలకండి, వాళ్ళ ముందే 14416కు ఫోన్ కలపండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోనూ పొలం షెడ్డులోనూ లేకుండా వేరేవాళ్ళ ఇంట్లో తాళం వేయించండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒకరి దగ్గరే ఉంచి, ఏ రోజువి ఆ రోజు చేతికివ్వండి. ఆ ఆవేశం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోవడమే ప్రాణం నిలబెడుతుంది. ఇప్పటికే ప్రయత్నం జరిగి ఉంటే పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయకండి. అలా చేసుకున్న మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

గుడికీ దర్గాకీ తీసుకెళ్తామంటే గొడవపడకండి. తాయెత్తు కట్టినా మాత్ర ఆగకూడదన్న ఒక్క షరతు పెట్టండి. గొలుసులతో కట్టేయడం మాత్రం ఏ పేరు మీద చేసినా నేరం. ఆరోగ్య బీమా ఉంటే కాగితాలు తీసి చూడండి, ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే చట్టంలోని 21వ సెక్షన్‌లో ఉంది.

తగ్గాక నోట్‌బుక్ పారేయకండి. జబ్బు తిరగబెడితే అది ముందు ఏ గడిలో మొదలైందో మొదటి పేజీలు చూస్తే తెలుస్తుంది. చాలామందికి అది నిద్ర గడి. ఆ గడిలో వరుసగా ఐదు రోజులు తేడా కనిపిస్తే పద్నాలుగు రోజులు ఆగక్కర్లేదు, పాత చీటీ తీసుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.